మీడియం వేవులో రంగం

విశాఖపట్నంలో ఇనప గొళ్ళెం ఎక్కువ కాలం బతకదు. కొత్తది బిగించిన సంబరం తీరకముందే తుప్పు మొదలవుతుంది, ఆ తరవాత తలుపుకి గుడ్డపేలిక కట్టుకుని పడుకోవడమే. సైకిలు చైనుకీ, గొడుగు ఊచలకీ అదే గతి. గోదావరి జిల్లా నుంచి పోర్టులో గుమాస్తాగా వచ్చిన కొత్తలో ఈ ఉప్పుగాలి మీద నాకు చాలా ఫిర్యాదులు ఉండేవి. వినే నాథుడు లేక ఊరుకున్నాను. గొళ్ళేలు తినే ఆ సముద్రమే రేడియోకి రాచబాట అని తరవాత తెలిసింది. మీడియం వేవు నేల మీద ఈసురోమంటూ నడుస్తుంది. ఉప్పునీళ్ళ మీద మాత్రం జారుకుంటూ వచ్చేస్తుంది. అది తెలిశాక సముద్రంతో రాజీపడ్డాను.

అవి డెబ్భైల చివరి రోజులు. వన్ టౌన్‌లో ఓ మేడగది నాది. ఫిజిక్సు చదివి బీయస్సీ ప్యాసైనందుకు నాకు మిగిలిన ఏకైక ప్రయోజనం, డాబా మీద ఈ కొస నుంచి ఆ కొసకి కట్టిన రాగితీగ. దాని చివర నా ట్రాన్సిస్టర్. దూరపు స్టేషన్లు పట్టడం నా వ్యాపకం. పాటల కోసం కాదు. పాటలే కావాలంటే దగ్గరి స్టేషను శుభ్రంగా వినిపిస్తుంది కదా అని ఇంటివాళ్ళు నాకు చాలాసార్లు సలహా చెప్పారు. ఎంత దూరం నుంచి, ఎంత సన్నగా, ఎంత అర్థం కాకుండా వినిపిస్తే నాకు అంత ఆనందం. ఈ సంగతి మనుషులకు వివరించడం కష్టమని త్వరలోనే గ్రహించాను.

ఈ వ్యాపకంలో ఒకటే నియమం. స్టేషను తన పేరు తను చెప్పుకోవాలి, అది మన చెవిన పడాలి. సంగీతం విన్నాను, అనౌన్సరు దగ్గు విన్నాను అంటే చెల్లదు. చెల్లదని ఎవరంటారు? ఎవరూ అనరు. అడిగేవాడే లేని చోట మరీ నిజాయితీగా ఉండాల్సి వస్తుంది.

ఆ చలికాలమంతా నా కన్ను రంగం మీద ఉంది. రంగం అంటే సముద్రానికి ఆ దరినున్న రంగూను. ఓడెక్కి అక్కడికి కూలికి పోయినవాళ్ళు లేని వీధి ఈ ప్రాంతంలో లేదు. పొద్దు వాలి దీపాలు పెట్టే వేళకి, మన పెద్ద స్టేషన్లు ఇంకా గొంతు పెంచకముందు, అక్కడి స్టేషను సముద్రం మీంచి తేలి వచ్చేది. ఓ పావుగంట ఉండి మునిగిపోయేది. ఇంగ్లీషులో ఏదో చదివేవారు. సరిగ్గా పేరు చెబుతారనగా, వేరుశనక్కాయలు వేయించినట్టు ఒకటే చిటపట. రోజూ అదే వరస.

ఆఫీసులో నా పక్క కుర్చీ అతను మా వీధివాడే. ఉదయం సంతకం పెట్టగానే అడిగేవాడు.

"రంగం దొరికిందేటి బావా?"

"దారిలో ఉంది."

"ఓడ మీదొత్తందా, నడిసొత్తందా?"

సెక్షన్ అంతా నవ్వేది. పట్టి తీరతానని వాళ్ళందరి ముందూ అనేశాను మరి. మాట వెనక్కి తీసుకుందామంటే ఆ సెక్షన్‌లో అలాంటి సౌకర్యం లేదు.

చివరికి గోల ఎక్కణ్ణించి వస్తోందో వెతకడానికి నేనే బయల్దేరాను. ట్రాన్సిస్టర్ లోపల నల్లటి కడ్డీ ఒకటి ఉంటుంది. దాని కొన గోల వచ్చే దిక్కుకి తిరిగితే గోల తగ్గిపోతుంది. కాబట్టి రేడియోని అరచేతుల్లో పెట్టుకుని, నాలుగడుగులు వేసి, గిర్రున తిరిగి, తగ్గిన చోట ఆగి, మళ్ళీ నాలుగడుగులు. చదువుకున్నవాడు సాయంత్రం పూట వీధిలో చెయ్యదగ్గ పనిలా కనబడదు. వీధిలో నీళ్ళకు కరువు. బోరు ఎక్కడ వెయ్యాలో చూసే మనిషిననుకుని నా వెనక చిన్న ఊరేగింపు తయారైంది.

"మా గుమ్మంలో పడతాయేటి బాబూ?" అని ఒకాయన ఆశగా అడిగాడు.

"పడవండీ" అన్నాను. అది మాత్రం శాస్త్రీయంగానే చెప్పాను. ఆయన గుమ్మంలో గోల ఏమీ లేదు.

కడ్డీ తీసుకెళ్ళి ఆపిన చోటు, వీధి చివర ఒంటరిగా ఉండే మామ్మ ఇల్లు. అరుగు మీద ఆవిడ రోజూ దీపాల వేళకి వేసే ట్యూబులైటు. నా పక్క కుర్చీ మిత్రుడు సాయం పట్టగా స్టార్టరు మార్చాను, చోకు మార్చాను. వెలుగు పెరిగింది, గోల తగ్గలేదు. ఇక మిగిలింది ఆర్పడం ఒకటే.

"అసురసంజెవేళ లైటు ఆర్పీమంటావేటి!" మామ్మ నుదుటి మీది పెద్ద బొట్టు కూడా ఎగిరింది. "లచ్చిందేవి లోనికొచ్చే ఏల. సదువుకున్నోడివి, బుద్దుందా?"

"పావుగంటే మామ్మా."

"పావుగంట సాలు ఆవిడ ఎల్లిపోడానికి."

అందులో వాదించడానికేమీ లేదు. నాకు కావలసిన పావుగంటా, లక్ష్మీదేవికి కావలసిన పావుగంటా ఒకటే అయ్యాయి. మర్నాడు వెళ్ళాను, ఆ మర్నాడూ వెళ్ళాను. మిత్రుడు కూడా నా తరఫున మాట్లాడాడు, ఎంతైనా వాడికి ఫలితం తెలియాలి.

"పాపం, రంగం ఇనాలని ఆడి బాద మామ్మా."

మామ్మ చేస్తున్న పని ఆపింది. "రంగమా?"

"అవును మామ్మా, అక్కడి రేడియో" అన్నాను.

"మా ఇంటాయన ఎల్లింది రంగమే. పెళ్ళయిన ఏడే ఎల్లాడు. మరి రానేదు." కూర ధర చెప్పినట్టు చెప్పింది. లేచి, లోపల దేవుడి దగ్గర నూనెదీపం వెలిగించి వచ్చి, అరుగు మీది స్విచ్చి తనే నొక్కింది. "పద. నాను కూడా ఇంటాను. ఊరికే ఆర్పనేను."

మామ్మని మెట్లు ఎక్కించి మా డాబా మీద కుర్చీ వేశాం. సముద్రం వైపు ఆకాశం అప్పటికే నల్లబడింది. ముల్లు తిప్పాను. చిటపట లేదు. అంత శుభ్రమైన నిశ్శబ్దాన్ని ఆ వీధిలో నేను అంతకుముందు వినలేదు. అందులోంచి నెమ్మదిగా సంగీతం లేచింది, సన్నగిల్లింది, మళ్ళీ లేచింది. సంగీతం ఆగింది. ఒక ఆడగొంతు, తొందరేమీ లేకుండా, స్పష్టంగా పేరు చెప్పి, చివర్న రంగూను అంది.

"రంగమే బావా!" అన్నాడు నా పక్క కుర్చీ మిత్రుడు. ఆ ఒక్కటి చాలు. తరవాతి ఏళ్ళలో నాకు ప్రమోషన్లు వచ్చాయి. అవి సీనియారిటీకి వచ్చాయి, కుర్చీలో కూర్చుంటే ఎవరికైనా వస్తాయి. ఇది మాత్రం నేను పట్టుకున్నది. ఇప్పటికీ ఎవరైనా జీవితంలో ఏం సాధించావని అడిగితే ముందు నాకు ఆ గొంతే వినిపిస్తుంది. అడిగినవాళ్ళకి మాత్రం ఉద్యోగం గురించి చెబుతాను.

"చూశావా మామ్మా?" అన్నాను. గొంతులో కాస్త గర్వం ఎక్కువే పడి ఉంటుంది. "అక్కణ్ణించి ఇక్కడికి, నీళ్ళ మీద తిన్నగా వచ్చేసింది. మధ్యలో అడ్డేమీ లేదు."

మామ్మ రేడియో వంక చూసింది. తరవాత నా వంక చూసింది.

"అడ్డేటీ నేదా?" అంది. "మరి ఆడు రాడానికేటి రోగం?"