డ్రాయర్‌లో దాచిన డిస్కు

నాకు భయం ఎక్కువ, తొందర అంతకన్నా ఎక్కువ. ఈ రెండూ కలిసి ఆ రోజు నా కొంప ముంచినంత పని చేశాయి.

ఛత్తా బజార్‌లో పెళ్లికార్డులు డిజైన్ చేసే చిన్న దుకాణం నాది. తెలుగు, ఇంగ్లీషు నేనే టైపు చేస్తాను. ఉర్దూ మాత్రం మా సందులోనే ఉండే ఒక పెద్దాయన కలంతో రాసిస్తే స్కాన్ చేసుకుంటాను. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. ఈమధ్య ఆయన చేతులు బాగా వణుకుతున్నాయి. అయినా మనవరాలి పెళ్లికార్డు తానే రాస్తానని పట్టుబట్టి, పది రోజులు కూర్చుని పూర్తి చేశారు. ఇక కలం పట్టనని కూడా ఆయనే చెప్పారు.

అల్లా పేరున్న కాగితాన్ని మా సందులో ఎవరూ చెత్తలో వేయరు. పని కాగానే గోడకున్న ఆకుపచ్చ డబ్బాలో వేస్తారు. అది నిండితే మసీదువాళ్లు తీసుకెళ్లి అదబ్‌గా, మర్యాద తప్పకుండా నీళ్లలో కలుపుతారు. పైన బిస్మిల్లా ఉంది కనుక, స్కాన్ అయ్యాక ఆయన కాగితమూ అలాగే వెళ్లిపోయింది. మిగిలింది నా కంప్యూటర్‌లో ఉన్న స్కాన్ ఒక్కటే. అది తెలిసీ ఇంకో కాపీ తీసి పెట్టుకోని మొద్దుని నేను.

ఫైలు తెరిస్తే టీ తాగి వచ్చేంత సేపు పడుతోందని కొత్త డిస్కు తెచ్చాను. పాతది తీయకుండానే, కొత్తదాంట్లో ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ ఎక్కించాను. బాగానే లేచింది. హమ్మయ్య అనుకుని, స్కాన్ ఉన్న పాత డిస్కుకు ఏమీ కాకూడదని దాన్ని ఊడదీసి, చున్నీలో చుట్టి, డ్రాయర్‌లో పెట్టి తాళం వేశాను.

మర్నాడు స్విచ్ వేస్తే నల్లటి తెర. బూట్ డివైస్ దొరకలేదట. ఆపి మళ్లీ వేశాను. వైర్లు గుంజి పెట్టాను. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దాను. ఊహూఁ! అప్పుడు గుర్తొచ్చింది. ఎక్కించే ముందు ఏ డిస్కును తుడవాలో ఎంచుకోమంటే, తెర మీద రెండు డిస్కులూ ఒకే సైజులో కనిపించాయి. నేను తుడిచేసింది కొత్తదాన్నేనా? దేవుడా, పాతదాన్ని ఒక్కసారి తెరిచి చూడకుండానే పీకేశాను కదా!

రెండు గంటలకు కార్డు ప్రెస్సుకు పోవాలి. పదకొండుకే ఉస్తాద్ వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

"ఏంది బేటీ, ముఖం గట్ల పెట్టినవ్?"

"ఏం లేదు చాచా, మిషన్ జర సతాయిస్తున్నది."

ఆయన కళ్లలోకి చూడలేక, రిపేరు చేసే తమ్ముడికి ఫోన్ కలిపాను.

"పాత డిస్కు ఏడున్నది అక్కా?" అన్నాడు.

"తీసి డ్రాయర్ల పెట్టిన, ఖరాబ్ కావద్దని."

"గదే లొల్లి! ఎక్కించేటప్పుడు అది లోపలనే ఉండె గదా, మిషన్ని లేపే ఫైళ్లు దాన్లనే ఉండిపోయినయ్. మళ్ల పెట్టు, లేస్తది."

"మరి దాన్లున్న నా ఫైళ్లు?"

"లేచినంక చూడాలె."

అనడానికేం, వాడిదేం పోయింది! నా చేతిలోంచి స్క్రూ రెండుసార్లు కింద పడింది. రెండోసారి ఉస్తాదే వంగి, వణికే వేళ్లతో నేల తడిమి, వెతికి ఇచ్చారు. ఇక నావల్ల కాలేదు. జరిగిందంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తన వేళ్లవంక చూసుకుని, "ఇంకోపారి రాయలేను బేటీ" అన్నారు.

స్విచ్ వేశాను. లేచింది. ఫోల్డర్ తెరిచాను. ఉంది! పైన బిస్మిల్లా, నడుమ మనవరాలి పేరు, అన్నీ ఉన్నాయి. నాకు ఏడుపు ఆగలేదు.

ప్రింటు తీసి చేతికిచ్చాను. ఆయన అక్షరం అక్షరం చదివి తల ఊపారు. సరిచూసిన కాగితాన్ని తన చేత్తో డబ్బాలో వేస్తేగానీ ఆయన ఇంటికి వెళ్లరు. నేను ఈ సందులోకి వచ్చినప్పటినుంచీ చూస్తున్నాను, ఒక్కసారీ తప్పలేదు. ఆ రోజూ డబ్బా దాకా వెళ్లారు. మూత ఎత్తారు. మళ్లీ మూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇది ఎయ్యను బేటీ," అన్నారు. "నీ మిషన్ మీద నాకు భరోసా పోయింది."