మేకుల రుచి

బాబాయి చివరిగా చేసిన పని ఒక కుర్చీకి సీటు బిగించడం. కొత్త గుడ్డ మీద అరచేత్తో చరిచి, తనే కూర్చుని, అటూ ఇటూ కదిలి చూసి, "ఇక ఎంత బరువైనవాడొచ్చినా దీనికి దిగులు లేదు" అన్నాడు. ఆ సాయంత్రం పట్టుకున్న జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి, వారం తిరక్కుండా ఆయన్ని తీసుకుపోయింది.

నాన్నా బాబాయీ ఒకే కొట్టులో సోఫాలకూ కుర్చీలకూ గుడ్డ తొడిగేవారు. ఒక చేత్తో గుడ్డ లాగి పట్టుకోవాలి, రెండో చేతిలో సుత్తి. మేకులకు ఇంకో చెయ్యి లేదు కనుక నోరే డబ్బా. గుప్పెడు చిన్న మేకులు బుగ్గన పోసుకుని, ఒక్కొక్కటే నాలుకతో పెదవుల మీదికి తోసి అందుకునేవారు.

నాన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. పోయేదాకా ఆయన నోటికి ముద్ద అందించింది బాబాయే. అప్పటినుంచీ బాబాయికి ఒకటే పట్టుదల: తన చేతులు చివరిదాకా తన మాట వినాలి. బీపీ మాత్ర ఒక్కపూటా మానేవాడు కాదు. నోట్లో ఇనుములా, ఉప్పగా తగిలేదాన్ని మాత్రం ఏళ్ళ తరబడి మేకుల రుచే అనుకున్నాడు.

ఒక సెలవురోజు ఆయన పుక్కిలించి ఉమ్మిన నీళ్ళలో ఎరుపు పిన్ని కంటబడింది.

"ఇవాళ ఏ మేకు నమిలారేంటి?" అంది.

బాబాయి ఇంకోసారి పుక్కిలించి ఉమ్మాడు. మళ్ళీ ఎరుపే.

పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. "పళ్ళు పీకుతానంటే లేచొచ్చేస్తా, ముందే చెప్తున్నా" అని మెట్ల మీదే హెచ్చరించాడు. లోపల కుర్చీలో వాలగానే, "ఈ సీటు కుట్టు వదిలింది, ఎవరు చేశారమ్మా?" అని అడిగాడు.

ఆమె నవ్వి, నోరంతా చూసింది. "చిగుళ్ళ కింద గార కోటలు కట్టింది పెద్దాయనా. అందుకే ఆ వాపు, ఆ రక్తం. ఈ వాపు నోటితో ఆగదు. రక్తంలోకి చేరి నాళాల లోపలి పొరను కూడా ఇబ్బంది పెడుతుంది."

"అయితే చిగుళ్ళు బాగైతే నా చెయ్యి పడిపోదంటారా?"

"ఆ మాట ఇవ్వలేను. చిగుళ్ళకు వైద్యం చేశాక రక్తనాళాలు ఇంకాస్త బాగా సాగుతున్నాయని కొన్ని పరీక్షల్లో కనబడింది. పక్షవాతం రాదని ఎవరూ తేల్చలేదు. బీపీ మాత్ర మానకండి."

"మాటిచ్చుంటే నమ్మేవాణ్ణి కాదు. కానివ్వండి" అని నోరు తెరిచాడు.

గార తీయించుకోవడానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. ఒక్క పన్నూ పోలేదు. కొన్నాళ్ళకు మేకుల కొట్టువాడితో తగువేసుకున్నాడు.

"నకిలీ సరుకు అంటగట్టావేమయ్యా? రుచే లేదు."

"నేను అమ్మేది తినడానికి కాదన్నా."

ఇంటికొచ్చి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. పిన్ని ఆయన నోటికేసి చూసి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

చేతులు చివరిదాకా ఆయన మాట విన్నాయి. అది చిగుళ్ళ వైద్యం వల్లో, మాత్రల వల్లో, ఆయన మొండితనం వల్లో నేను చెప్పలేను.

బాబాయి పోయాక, అక్క ఇంట్లో ఉండే అమ్మకు ఈ సంగతంతా చెప్పాను. కొట్టువాడి మాట దగ్గర నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"కొట్టుకెళ్ళే రోజుల్లో మీ నాన్న తలగడ మీద పొద్దున్నే ఎర్రమరకలుండేవి. ఎర్ర మఖమలు గుడ్డ రంగేదో అంటుకుందనుకుని ఉతికేసేదాన్ని" అంది.