మసి కాకులు, మా సరోజత్త

మా చిన్నప్పుడు... ఎండలు ముదిరాయంటే చాలు, నానక్‌రామ్‌గూడలో మా డాబా నిండా పాత పంచెలు పరిచి వడియాలు పెట్టేది నానమ్మ. ఇప్పుడు అద్దాల టవర్లు నిలబడ్డ చోట అప్పట్లో బండలూ, సీతాఫలం చెట్లూ ఉండేవి. వాటితో పాటు లెక్కలేనన్ని కాకులు... నానమ్మ అటు తిరగ్గానే ఇటు వడియం మాయం.

అందుకని సెలవుల్లో పిల్లలకు ఒక పని అప్పజెప్పేది. కాకులకు రంగులు వేసే పని.

పాత క్యాలెండర్ అట్ట మీద నానమ్మే బొగ్గుతో కాకిని గీసేది, మేం కత్తిరించేవాళ్లం. రంగంటారా... కట్టెల పొయ్యి మీది గిన్నె అడుగున గీకిన మసి, అందులో కాస్త కొబ్బరినూనె. వేళ్లతోనే పులమడం. మెడ దగ్గర మాత్రం మసి పూయకూడదు, అక్కడ బూడిద అద్దాలి. రోజూ చూసే కాకికి మెడ ఏ రంగో కూడా తెలియకుండా ఎలా పెరుగుతున్నారని తిట్టేది.

మా తమ్ముడు శీను ముచ్చటపడి తన కాకికి ఎర్రముక్కు పెట్టాడు. నానమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, దీనికి కాకులు భయపడవు, నవ్వుకుంటాయి అని పక్కన పడేసింది. వాడు ఆ పూటంతా అలిగి కూర్చున్నాడు.

రంగు ఆరాక కాళ్లకు దారం కట్టి, డాబా మీద మెట్ల గది పక్కనున్న తీగకు తలకిందులుగా వేలాడదీసేవాళ్లం. చచ్చిన కాకి వేలాడుతోందనుకుని మిగతావి ఆ దరిదాపులకు రావు... వడియాలు క్షేమం.

ఆ ఏడాది వడియాలు ఇంకా ఎండుతుండగానే తాత పోయాడు. పొద్దున చాయ్ తాగి అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే...

ఇల్లంతా జనం. వడియాలను ఎవరో పంచెలతో సహా చుట్టి లోపల పడేశారు.

సరోజత్త కూడా వచ్చింది. నాన్నకు చెల్లెలు. తాతకు ఇష్టం లేని పెళ్లి చేసుకుని బోరబండలో కిరాయి ఇంట్లో ఉండేది. బోరబండ ఎంత దూరమని... అయినా పెళ్లయ్యాక మా గడప తొక్కలేదు, తాత తొక్కనివ్వలేదు. తండ్రి కోసం ఏడవడానికి వచ్చిన మనిషిని కూడా చుట్టాలు ఓ మూలకు నెట్టేశారు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. మా వైపు అది తప్పనిసరి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లు ముద్ద ముట్టాలి. కాకి రాలేదంటే పోయినాయనకు ఎవరి మీదో కోపం ఉన్నట్టు. మా డాబా మీదే విస్తరి పెట్టారు... మటన్ కూర, జొన్నరొట్టె, కల్లు, చివరికి తాత బీడీల కట్ట కూడా.

కాకులు వచ్చాయి. ఎదురింటి పిట్టగోడ మీద బారుగా కూర్చుని ఒకటే అరుపులు... మా డాబా మీదికి మాత్రం ఒక్కటీ దిగదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. నాన్న చేతులు జోడించి, అమ్మను బాగా చూసుకుంటానన్నాడు, పొలం అమ్మనన్నాడు. ఊహూఁ.

అందరి చూపులూ మెల్లగా సరోజత్త మీదికి మళ్లాయి. తాత తమ్ముడు, మా చిన్న తాత, పైకే అనేశాడు.

"గామె ఈడ ఉన్నంతసేపు మా అన్న ముట్టడు. కిందికి పొమ్మనుండ్రి. ఇగ ఈ ఇంటికి రావొద్దు."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్ల వైపు నడిచింది. ఆ మెట్లు దిగితే ఇక మాకు అత్త లేనట్టేనని చిన్నదాన్నైనా నాకూ అర్థమైంది. ఆమెనే చూస్తున్నాను... ఆమె తల పైన, తీగకు, మా కాకులు. గాలికి గిరగిరా తిరుగుతున్నాయి. తీయాలన్న సంగతే ఎవరికీ గుర్తు లేదు.

నానమ్మ కొంగు పట్టి లాగి చూపించాను. ఆమె తలెత్తి చూసింది. తర్వాత తనే లేచి, దారాలు పటపటా తెంపి, అట్ట కాకులన్నింటినీ కొంగులో కుక్కుకుని, రెండో చేత్తో అత్త రెక్క పట్టుకుని వెనక్కి తెచ్చి విస్తరి ముందు నిలబెట్టింది.

"మీ నాయినకు నీ మీద కోపం లేదు బిడ్డా. కాకులే భయపడ్డయి. ఈడనే నిలబడు."

కొంతసేపటికి ఎదురింటి గోడ మీంచి ఒక కాకి దిగింది. అటూ ఇటూ చూసి, గెంతుకుంటూ వచ్చి, మటన్ ముక్క నోట కరుచుకుంది. దాని వెనకే ఇంకోటి... ఇంకోటి...

అబ్బ, నాకైతే ప్రాణం లేచొచ్చింది. నాన్న అక్కడే గోడకు చేరగిలబడిపోయాడు. సరోజత్త విస్తరి ముందు కూలబడి బావురుమంది. తాత పోయిన రోజు కూడా అలా ఏడవలేదు... ఎవరు ఏడవనిచ్చారని. ఆ పూట మొదటి ముద్ద నానమ్మ ఆమెకే కలిపి పెట్టింది.

ఇప్పుడు మేం ఉండేది నల్లగండ్లలో. బాల్కనీకి పావురాల వల, కింద కార్లు. మొన్న మా పాపకు స్కూల్లో కాకి బొమ్మ ప్రింట్ ఇచ్చి రంగులేసుకు రమ్మన్నారు. గీత దాటకుండా మెడతో సహా నలుపు నింపేసింది... పాపం, దానికి కాకిని దగ్గరగా చూసే అవకాశం ఎక్కడిది. ఆ రోజు సరోజత్త మా ఇంట్లోనే ఉంది. ఇప్పటికీ నెలకోసారి వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్తుంది. పాప పక్కన కూర్చుని బూడిద రంగు క్రేయాన్ వెతుకుతూ, ఉన్నట్టుండి నాతో అంది.

"ఆ పొద్దు కాకి ముట్టకుంటే... తల్లి ఉండంగనే తల్లి లేనిదాన్ని అయితుంటి."

ఈ రోజుల్లో పిట్టకు పెట్టాలంటే కార్లో చెరువు గట్టుకు వెళ్లడమే. అక్కడి కాకులు ఎంత అలవాటు పడ్డాయంటే, విస్తరి కింద పెట్టక ముందే వాలిపోతాయి. ఎవరూ ఎవరి వంకా అనుమానంగా చూసే పని లేదు... పోనీలే, అదీ మంచిదే. కానీ వెళ్లిపోతున్న మనిషిని అందరి ముందూ రెక్క పట్టుకుని వెనక్కి తెచ్చే నానమ్మ ఇప్పుడు మా ఇంట్లో లేదు.

మీ ఇంట్లో ఉన్నారా అలాంటివాళ్లు... ఉంటే వాళ్ల గురించి రెండు ముక్కలు రాయండి. చదవాలని ఉంది.