ఇన్‌స్పెక్టరు జీతంలోంచి

బస్టాండు వెనక వీధిలో ఆమెను అందరూ టైలరక్క అంటారు. కొలతలు తీసుకుంటూనే ఎదుటివాళ్ల ఇంటి సంగతులన్నీ లాగేస్తుందని పేరు. కత్తెర ఎడం చేత్తో పడుతుంది, అదీ అయిష్టంగా. కుడి మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది.

వీధి చివర గొడవైన రోజు పోలీసులు జనాన్ని తరుముతున్నారు. ఆమె కొట్టు కట్టేస్తోంది. "ఒక్క నిమిషం సార్, మూసేస్తున్నా" అంది. ఆ మాటకే ఇన్‌స్పెక్టరు లాఠీ ఎత్తాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. రాళ్లు విసిరి పారిపోతూ కిందపడిందని రిపోర్టులో రాశారు.

ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగింది. ప్రభుత్వం పరిహారమిస్తుంది, ఒప్పుకోమని ప్లీడరమ్మ నచ్చజెప్పినా వినలేదు.

"సర్కారు సొమ్ములో నేను కట్టిన పన్నూ ఉంటుందిగా. తన్నులు తిన్నందుకు ఎదురు నేనే ఇచ్చుకోవాలా? వాడి జేబులోంచే రావాలి."

చివరికి ఆ దెబ్బ చట్టవిరుద్ధమని కోర్టు తేల్చింది. పరిహారాన్ని ఇన్‌స్పెక్టరు జీతంలోంచి నెలనెలా కోసి ఇవ్వమంది. ఒకేసారి కట్టాలంటే ఆమె ఒప్పుకోవాలి.

కొన్ని నెలలకు ఇన్‌స్పెక్టరే ఆమె కొట్టుకి వచ్చాడు, మామూలు బట్టల్లో, చేతిలో సంచీతో. కాజాలు కుడుతున్న ఆమె మొగుడు లేచి స్టూలు జరిపాడు.

"అప్పు చేసి మొత్తం తెచ్చానమ్మా. ఒక్క సంతకం పెడితే ఇద్దరికీ పీడా వదులుతుంది."

"మీకు వదులుతుంది. నాకెక్కడ వదులుతుంది?"

"జీతాల గుమాస్తా నన్ను చూసి నవ్వుతున్నాడు. నా కింద కానిస్టేబుళ్లు 'టైలరమ్మ కిస్తీ పోయిందా సార్' అని అడుగుతున్నారు."

ఆమె మొహం వెలిగిపోయింది. "అలా అంటున్నారా! మరి ఇంట్లో ఆవిడేమంటోంది?"

ఆయన సంచీ ఆమె ముందు పెట్టాడు.

మొగుడు ఆమెను తెర వెనక్కి లాక్కెళ్లాడు. "ఏమే, డాక్టరేమన్నాడు? ఈ ఏడాది ఆపరేషన్ చేయించకపోతే ఎముక ఇక మాట వినదన్నాడా లేదా? డబ్బు గుమ్మంలోకొచ్చింది. తీసుకో."

"చెయ్యి బాగైతే నేను మర్చిపోతానయ్యా. నేను మర్చిపోతే వాడికి పండగే."

"నీకు పిచ్చి పట్టింది."

"పట్టించింది వాడేగా."

ఆమె బయటికొచ్చింది. "సంచీ తీసుకెళ్లండి సార్. మీరు రిటైరయ్యేదాకా కిస్తీలున్నాయట. తొందరేముంది?"

"దణ్ణం పెడతానమ్మా" అంటూ ఆయన చేతులు జోడించాడు.

"మీ చేతులు బాగా కలుస్తున్నాయి సార్. నావి కలవట్లేదు."

ఆయన వెళ్లిపోయాడు. మొగుడు అటు తిరిగి కూర్చుని సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు. ఆమె ఎవరిదో చొక్కా గుడ్డ పరిచి ఎడం చేత్తో కత్తెర వేసింది. అది పక్కకు పోయి గుడ్డ పాడైంది. ఇక కొత్తది కొనివ్వాలి.

మొగుడు తిట్టడానికి నోరు తెరిచాడు.

"ఒకటో తారీఖు ఎల్లుండే" అందామె.