‘పై మాటలన్నీ’ దగ్గర మోగిన గంట

ఆ రోజుల్లో ఆడపిల్ల నోరు తెరిచి నాకిది కావాలి అంటే గయ్యాళి అనేవారు. అదే మాట కాగితం మీద రాస్తే వ్యాసం అనేవారు. అందుకని నేను నోరు మూసుకుని వ్యాసాలు రాయడం నేర్చుకున్నాను. ఆ తర్వాత జరిగినదాంట్లో తప్పు నాది కాదు. మా తెలుగయ్యవారిది, ఆయన నేర్పిన పద్ధతిది, ఆ పద్ధతి పూర్తయ్యేదాకా ఆగని పెనుకొండ గంటది. మనవరాళ్ళు పుట్టారు, బీపీ మాత్రలు మొదలయ్యాయి, అయినా ఆ గంట గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. (కోపం తగ్గించుకోమంటాడు డాక్టరు. ఆయనకేం, ఆయన వ్యాసాన్ని సగంలో ఎవరూ లాక్కోలేదు.)

మాది ధర్మవరం మగ్గాలవాళ్ళ కుటుంబం. అక్కడ మావాళ్ళు నేసిన పట్టుచీరలు నాయన, పెదనాయన హిందూపురంలో అంగడి పెట్టుకుని అమ్మేవారు. ఇంట్లో మాట పెదనాయనది. నాయనకు ఉన్న మాటల్లా "సరేన్నా" అన్నదొకటే. అమ్మకు ఆ ఒక్కటీ లేదు. బావగారి ముందు మాట్లాడకూడదు కాబట్టి ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ వంటింటి తలుపు వెనకే ఉండేది. ఆయనకు కాఫీ కావాలా మజ్జిగ కావాలా అన్నది కూడా నన్ను పంపి కనుక్కునేది. నేనప్పుడు ఫోర్త్ ఫారం, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతి. ఆ ఏడాదితో బడి మాన్పించాలని పెదనాయన, ఎస్సెల్సీ దాకా చదవాలని నేను. నా కోరిక ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేదు, నా తరఫున చెప్పే దిక్కు ఇంట్లో లేదు.

ఇక మా తెలుగయ్యవారు. ఆయనకు మేం పెట్టిన పేరు ‘ఎవరన్నారయ్యవారు’. వ్యాసంలో "పెద్దలు అంటారు" అని ఎవరైనా రాస్తే చాలు, సుద్దముక్క బల్లమీద కొట్టి, "ఏ పెద్దలమ్మా? ఎవరన్నారు? యాడన్నారు? ఎప్పుడన్నారు?" అనేవాడు. "అనబడుచున్నది" అని రాస్తే ఇంకా మంట ఆయనకు. "కర్త యాడికి పోయినాడు? మాటనేసి గోడ దూకి పారిపోయినాడా? పట్టుకొచ్చి వాక్యంలో నిలబెట్టు" అనేవాడు. ఆ తర్వాత వాదనా పద్ధతి. ముందు పూర్వపక్షం రాయాలి, అంటే అవతలివాళ్ళ వాదన. దాన్ని ఎంత బాగా రాయాలంటే, అవతలివాడు చదివి "నేను కూడా ఇంత బాగా చెప్పలేకపోయినానే" అనుకోవాలి. అప్పుడు గానీ మన సిద్ధాంతం మొదలుపెట్టకూడదు. "ఎదుటోణ్ణి పడుకోబెట్టి కొట్టేది యుద్ధం కాదమ్మా, కూచోబెట్టి అన్నం పెట్టి, ఆ పైన కొట్టల్ల" అనేవాడు. వినడానికి ఎంత ధర్మంగా ఉందో చూడండి. అన్నం పెట్టేసరికే పొద్దు వాలిపోతే కొట్టేదెప్పుడని అడగాలని మాకెవరికీ తోచలేదు.

ఆ ఏడు పెనుకొండలో చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి వ్యాసరచన పోటీ పెట్టారు. స్త్రీ విద్య అవసరమా, అన్నది విషయం. విషయం ముందే చెప్పారు గనక అయ్యవారు నన్ను పిలిచి, "పూర్వపక్షానికి నువ్వు యాడికీ పోబన్లేదు, మీ ఇంట్లోనే పండుతాది. అడిగి రాసుకో. కర్తలు జాగ్రత్త" అన్నాడు. నేను భక్తిగా ఇల్లంతా తిరిగాను. ఆడపిల్లకు చదువు ఎందుకు వద్దు అని అడిగితే ఒక్కరూ తడుముకోలేదు. అంతవరకూ నాతో ముక్తసరిగా మాట్లాడే పెదనాయన, పక్కన కూర్చోబెట్టుకుని మరీ చెప్పాడు. అవ్వ పప్పు తిప్పుతూ తిప్పుతూ అది మాడేదాకా చెప్పింది. ధర్మవరం నుంచి వచ్చిన మేనత్త, తను చెప్పింది రాశానో లేదో అని నాలుగుసార్లు మళ్ళీ చెప్పించుకుంది. మావాళ్ళకు నా చదువు మీద ఇంత ఆలోచన ఉందని నాకు అప్పుడే తెలిసింది.

పోటీ రోజున పెనుకొండకు నాకు తోడు ఎవరొచ్చారనుకున్నారు? పెదనాయనే. ఆడపిల్లను ఒంటరిగా రైలెక్కించరు కదా. ఆయనకు ఆ ఊళ్ళో చీరలు ఇవ్వాల్సిన ఇల్లు ఒకటుంది, ఆ పని చూసుకుని వచ్చి హాలు వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ముందర న్యాయనిర్ణేత, రిటైరైన తాసీల్దారు ఒకాయన, జేబు గడియారం అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు. నేను పూర్వపక్షం మొదలుపెట్టాను. ‘చదివిన పిల్ల ఎదురు మాట్లాడును అని మా పెదనాయన, హిందూపురంలో మా అంగడిలో, బేరం చెడిన ఒక సాయంత్రం అన్నాడు.’ ‘దీపానికి నూనె దండగ అని మా అవ్వ, వంటింట్లో, పప్పు మాడిన పూట అన్నది.’ ‘చదివిన పిల్లకు అంతకంటే చదివిన మొగుణ్ణి తేవలెను, వాడు మగ్గమెక్కడు అని మా మేనత్త, మా పెరట్లో కండెలకు పట్టుదారం చుడుతూ అన్నది.’ రాసేకొద్దీ ఊరుతోంది. ఒక్క వాక్యంలో కర్త జారిపోలేదు, ఒక్క మాటకు ఆధారం తప్పలేదు. అవతలివాళ్ళకు విస్తరేసి, వడ్డించి, మారు వడ్డించి, పెరుగన్నం దాకా తెచ్చాను. ఇక నా సిద్ధాంతం అనుకుని కొత్త పేరా తీసి ‘పై మాటలన్నీ’ అని రాశాను. గంట మోగింది. కలం ఎత్తేలోపలే కాగితం లాగేసుకున్నారు.

తాసీల్దారు సాయంత్రం నా కాగితం చదివి వినిపించాడు. మామూలుగా కాదు, లేచి నిలబడి, పెదనాయన మాటలకు పెదనాయన గొంతు, అవ్వ మాటలకు అవ్వ గొంతు పెట్టి మరీ చదివాడు. చివరికి వచ్చి, "పై మాటలన్నీ అక్షర సత్యాలు అని రాయబోయి ఉంటాది పాపం, టైం చాలలేదు. ఇంత చదివినా ఎంత అణకువో చూడండి ఈ పిల్లకు" అన్నాడు. నేను లేచి "కాదండీ" అన్నాను. చప్పట్లలో ఆ మాట నాకే వినపడలేదు. నాకు మొదటి బహుమతి. అదేమిటో చెబితే మీక్కూడా బీపీ వస్తుంది. రెండో బహుమతి వచ్చిన అబ్బాయికి నిఘంటువు ఇచ్చారు, మొదటి బహుమతి వచ్చిన నాకు ఇత్తడి కుంకుమ భరిణె ఇచ్చారు. (ఆ అబ్బాయి స్త్రీ విద్య కావాలని రాశాడట. పూర్వపక్షం ఊసే ఎత్తలేదట.)

తిరుగు రైల్లో పెదనాయనను పట్టడానికి పగ్గాలు లేవు. ఎదుటి బెంచీవాళ్ళకు, పక్క బెంచీవాళ్ళకు, చివరికి టిక్కెట్లు చూడవచ్చిన ఆయనకు కూడా, "నేను అంగడిలో కూసోని ఊరికే అన్న మాటప్పా, పెనుకొండలో సభలో చదివినారు" అని చెప్పాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, ఎన్నడూ లేనంత ప్రేమగా, "నీకు చదువు మీద ఆశ ఉండాదేమో, మాన్పిస్తే ఏడుస్తావేమో అని ఇన్నాళ్ళూ జంకుతా ఉంటి పాపా. నువ్వే ఇంత బాగా రాసినాక ఇంగేముండాది. ఈ నెలతో మానేద్దువులే" అన్నాడు. పెదనాయనా, అది పూర్వపక్షం, అన్నాను. "ఏ పక్షమైతేనేం తల్లీ, ప్రైజు వచ్చింది గదా" అన్నాడు. నా మెడకు నా చేత్తోనే తాడు పేనించాడు అయ్యవారు అనుకుని హిందూపురం దాకా ఏడ్చాను. అది కూడా ఆనందం అనుకున్నాడు ఆయన.

మర్నాడు అయ్యవారి మీదికి యుద్ధానికే వెళ్ళాను. ఆయన నన్ను చూసి మురిసిపోయాడు. "ఒక్క కర్త తప్పిపోలేదంట గదమ్మా" అన్నాడు. నా చదువే తప్పిపోతోందని చెప్పాను. ఆయన కాసేపు తల గోక్కుని, "అయితే సిద్ధాంతం బాకీ ఉండాది. రాసి, మీ పెదనాయనకు చదివి వినిపించు" అన్నాడు. అంత నష్టం చేసినవాడి దగ్గరినుంచి అంత చిన్న సలహానా అని కోపమొచ్చింది. కానీ వేరే దారి లేక రాశాను. స్త్రీ విద్య గురించి గ్రంథాల్లో ఉన్నదంతా పేరూ పుటా సహా పేర్చి, ఆదివారం పెదనాయన భోజనం చేసి పడక్కుర్చీలో వాలినప్పుడు, గోడకు ఆనుకుని నిలబడి చదివాను.

ఆయన అంతా విన్నాడు. విని, "బాగుండాది. అయితే ఎవరమ్మా వీళ్ళంతా?" అన్నాడు.

"గొప్పవాళ్ళు పెదనాయనా."

"గొప్పోళ్ళే. వాళ్ళు మన అవ్వను ఎరుగుదురా? మన అంగడిని ఎరుగుదురా? పోయిన తూరి రాసినదాంట్లో నేనుండా, మీ అవ్వుండాది, మీ అత్తుండాది. ఈ మాట మన ఇంట్లో ఎవరన్నారు? ఒక్కర్ని చూపీ, నేను ఒప్పుకుంటా."

అయ్యవారి ప్రశ్న ఆయనకెలా అబ్బిందో, అదీ నా మీదికే ఎలా తిరిగొచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. నాయన వైపు చూశాను. నాయన వక్కలు కత్తిరిస్తున్నాడు. అవ్వ వత్తులు చేసుకుంటోంది. ఆ ఇంట్లో ఆ మాట అన్నవాళ్ళు లేరు. నా ఎస్సెల్సీ అక్కడితో సరి అనుకున్నాను.

అప్పుడు వంటింటి తలుపు వెనకనుంచి అమ్మ గొంతు వినపడింది. పెదనాయన ఇంట్లో ఉండగా ఆ గొంతు వినడం నాకదే మొదటిసారి. ఆయనతో కాదు, నాతోనే మాట్లాడింది.

"రాసుకోమ్మా. నేనంటాండా. ఆడపిల్లకు చదువు కావల్ల. యాడన్న్యానంటే, ఈ వంటింట్లో. ఇల్లంతా తిరిగి అందర్నీ అడిగితివి, నన్నొక్కదాన్నే అడక్కపోతివి. ఎందుకంటాండానో అది కూడా రాసుకో. ధర్మవరంలో మా అమ్మకు ఒళ్ళు బాగలేదని ఈ దారిన పొయ్యే మనిషెవరో చెప్పిపోయిన దినం, నువ్వు చంకలో బిడ్డవి, మీ నాయన, మీ పెదనాయన బెంగుళూరు పోయుండారు. స్టేషను మన వీధి చివరనే ఉండాది. రైలు కూసేది నాకు వినపడతానే ఉండాది. ఏ రైలెక్కల్లో, యాడ దిగల్లో, స్టేషను పలక మీద ఊరి పేరు చదివేకి నాకు రాదు. తోడొచ్చేదాకా ఈడనే కూసున్న్యా. నేను పొయ్యేతలికి మా అమ్మను మట్టి చేసేసినారు. ఆధారం కావల్లంటే మీ పెదనాయన్నే రాసుకో. నన్ను తోలుకపోయింది ఆయనే."

నాయన చేతిలో అడకత్తెర తెరిచింది తెరిచినట్టే ఉంది. పెదనాయన తలుపు వైపు చూడకుండా లేచి, చొక్కా వేసుకుని, ఆదివారం పూట మూసి ఉన్న అంగడికి వెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా, "పాప బడికి పోతాది" అన్నాడు. ఒప్పుకున్నానని గానీ, ఓడిపోయానని గానీ అనలేదు. నాయన యథాప్రకారం "సరేన్నా" అన్నాడు. ఆ మాట మీద నాకు ఆ ఒక్కరోజే కోపం రాలేదు.

తర్వాత ఎస్సెల్సీ గట్టెక్కాను, టీచరునయ్యాను, ఎన్నో పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. గంట మోగినా వాక్యం పూర్తయ్యేదాకా ఏ పిల్ల కాగితమూ లాగలేదు. కానీ ఇవేవీ కాదు నాకు నవ్వు తెప్పించేవి. అమ్మ నోరు విప్పిన ఆ ఏడాదే, ఎండాకాలం సెలవుల్లో అమ్మ, నేను ధర్మవరం వెళ్ళాం. తోడు లేకుండా ఇద్దరమే. ఇంటి చరిత్రలో అది మొదటిసారి. అమ్మకోసం ఎదురుచూసేవాళ్ళు అక్కడ లేరని, ఆ ప్రయాణం చాలా ఆలస్యంగా చేస్తున్నామని అంత పొడుగు వ్యాసం రాసిన నా బుర్రకు తట్టనే లేదు. కిటికీలోంచి సగం బయటికి వంగి, వచ్చిన ప్రతి స్టేషన్ పలకనూ, రైలు మొత్తానికి వినపడేలా, తగాదా పడుతున్నదానిలా చదివాను. పెనుకొండ వచ్చేసరికి నా గొంతు బొంగురుపోయింది. అమ్మ నా జడ పట్టుకుని లోపలికి లాగి, "మెల్లగా చదువు, నాకు వినపడతాండాది" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. బొగ్గు నుసి పడిందేమో అనుకుని, నేను తర్వాతి పలక కోసం మళ్ళీ బయటికి వంగాను.