ఉడుకునీళ్లు

నా మొఖం మీద అమ్మవారు పోసిన మచ్చలున్నయి. వాటిని చూసి ఒక్క సంబంధం గూడ మా గడప తొక్కలే. అందుకు నేనేం ఏడ్వలే. నా వంతు గూడ నన్ను కన్న మా అవ్వనే ఏడ్చింది. ఏడో తరగతి పాసై ఇంట్ల మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంట కూసున్న నన్ను చూసి ఒకనాడు బాపు, కరీంనగర్ల ఆడిపిల్లలకు నర్సు పని నేర్పుతున్నరట, తిండి గూడ వాళ్లే పెడ్తరట, పోతవా అని అడిగిండు. పోత అన్న. మా వాడల ఆడిపిల్లను పోతవా ఉంటవా అని అడుగుడే గొప్ప సంగతి.

మాది హుస్నాబాద్ దిక్కు ఊరు, సాలోళ్ల వాడ. ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల ముచ్చట ఇది. ఇంటింట మగ్గం, వాకిట్ల ఆడోళ్ల రాట్నాలు, పొద్దు పొడిసినకాన్నుంచి పొద్దు గూకేదాక అదే సప్పుడు. ఆ సప్పుడు ఏ ఇంట్లనన్న ఆగిందంటే ఆ ఇంట్ల పెండ్లన్న ఉండాలె, పీనుగన్న ఉండాలె. నేను కరీంనగర్ పోకముందు మా ఇంట్ల రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ మా అన్నవదినెల పిల్లల కోసమే.

ఇద్దరూ మంచిగనే పుట్టిండ్రు. మంచిగనే ఏడ్చిండ్రు, పాలు తాగిండ్రు. వారం తిరగకముందే దవడలు బిగుసుకపోయినయి. రొమ్ము నోటికందిస్తే పట్టకపోయిరి. జర ముట్టుకున్నా, తలుపు సప్పుడైనా ఒళ్లంత కట్టెలెక్క బిగిసి నడుము వెనుకకు వంగేది. పిట్టదోషమని ఒకరన్నరు, గాలి సోకిందని ఒకరన్నరు. తాయెత్తు కట్టిండ్రు. రెండోదానికైతే కడుపు మీద వాత గూడ పెట్టిండ్రు. ఆ పసిగుడ్డుకు ఏడ్వనీకె నోరు తెరుసుకోలే. నేను అర్రల మూలకు నిలబడి చూసిన. ఇప్పటికీ ఆ వాసన గుర్తుకొస్తే నాకు అన్నం సయించది.

వదినె మూడోనాడే లేచి రాట్నం ముందట కూసున్నది. పాలు చేపి రైక తడిసిపోతుంటే కొంగు కప్పుకోని నూలు వడికింది. ఒక్క బిడ్డ దక్కితే చాలు, ఆడిదైనా సరే, కుంటిదైనా సరే అని నాతోని మాత్రం అన్నది.

కరీంనగర్ల మాకు నేర్పిన పెద్ద సిస్టరమ్మ కోస్తా దిక్కు మనిషి. మేం మాట్లాడితే ఆమె నవ్వేది, ఆమె మాట్లాడితే మేం కొంగు అడ్డం పెట్టుకోని నవ్వేటోళ్లం. మనిషి మంచిదే, నోరే మంచిది కాదు. ఒకనాడు కాన్పు పాఠం చెప్పుకుంట, బొడ్డు కోసినంక దానిమీద పేడ గానీ బూడిద గానీ పెట్టారంటే పిల్లకి దవడలు బిగుసుకుంటాయి, ఒళ్లు విల్లులా వంగుతుంది, ఇక బతకదు అని చెప్పింది. తరగతిల అందరు రాసుకుంటున్నరు. నేను రాసుడు ఆపిన.

ఎందుకంటే మా ఇండ్లల్ల అదొక మర్యాద. పిల్ల పుట్టంగనే బొడ్డుకు బూడిద పెట్టే హక్కు బాపమ్మది, అంటే తండ్రిని కన్నతల్లిది. పిడకను సపరేటుగ కాల్చి, ఆ బూడిదను మగ్గం మీద నేసిన సన్నబట్టల జల్లిస్తరు. ఎంత సన్నగ జల్లిస్తే అంత ప్రేమ అన్నట్టు. మా అవ్వ బూడిద ముఖానికి పూసుకునే పౌడరు లెక్క ఉంటుండె. వాడల ఎవరింట్ల అత్త లేకపోయినా మా అవ్వనే పిలుసుకపోయేటోళ్లు. మా ఇంటి ఇద్దరికి గూడ తనే పెట్టింది.

చదువుల భాగంగ మేం ఎవరి ఊరికి వాళ్లం పోయి, వాడల వాడల ఆరోగ్యం సంగతులు చెప్పాల్సి ఉండె. మా దిక్కు అప్పట్ల నారికురుపు మస్తు. దిగుడుబావుల నీళ్లు తాగితే కాళ్లల్లకెల్లి దారమసొంటి పురుగు బయిటికొచ్చేది. దాన్ని పుల్లకు కండె చుట్టినట్టు రోజింత చుట్టుకుంట తీసేటోళ్లు. కలరా గూడ ఏటేట వస్తుండె. అందుకని పెద్ద సిస్టరమ్మ మాకొక మాట కట్టిచ్చింది, ఆమె మరిగించు అన్నదాన్ని మేం మా భాషల మలుపుకున్నం. మసలవెట్టు, రోగం మాయం. పిల్లలతోని అనిపిచ్చినం, గోడల మీద గేరు ఎర్రమన్నుతోని రాసినం. నీళ్లయినా, కత్తయినా, బట్టయినా ఇదే మాట. చెప్పుటానికి అల్కగ ఉన్నది గదా అని అందరం సంబురపడ్డం.

ఆ మాట అందరికన్న ముందు పట్టుకున్నది మా అవ్వ. బిడ్డ చదువుకున్నదని ఆమెకు ఎక్కడలేని గర్వం. బావికాడ ఆడోళ్లను ఆపి చెప్పేది. బాపు సల్లనీళ్లు అడిగితే తిట్టేది. మచ్చల మొఖందని ముక్కు ఇరిసినోళ్లే ఇప్పుడు నా మాట వింటున్నరని ఆమె లోలోపట ఉబ్బిపోయింది. నేను గూడ ఉబ్బినదాన్నే, అబద్ధమెందుకు.

వదినెకు మూడోసారి నెలలు నిండినయి. నేను సెలవు పెట్టుకోని వచ్చిన. మంత్రసాని పక్కన నేనే కూసున్న. బ్లేడు మసలవెట్టిన. బొడ్డు కట్టనీకె గంజి పట్టియ్యని నూలు తీసుకోని అదిగూడ మసలవెట్టిన. మాయ పడేదాక బొడ్డు కొయ్యద్దని మంత్రసాని అంటే ఆమెతోని కొట్లాడకుండ ఊకున్న, కోసేటప్పుడు మాత్రం బ్లేడు నా చేతులకెల్లి ఇయ్యలే. మొగపిల్లగాడు. వాడ లేచేటట్టు ఏడ్చిండు. అవ్వ జల్లించిన బూడిద గిన్నె పట్టుకోని వస్తే, వద్దవ్వా, బూడిదల రోగం ఉంటది, పెట్టద్దు అని గట్టిగ చెప్పిన. ఆమె మొఖం చిన్నగైంది. బాపమ్మ చెయ్యాల్సిన పని గుంజుకున్నట్టైంది మరి. కానీ మాట దాటలే. గిన్నెను తీసుకపోయి గూట్ల పెట్టింది.

సెలవు అయిపోయినంక కరీంనగర్ పోయిన. పోయేటప్పుడు పిల్లగాడు కడుపునిండ తాగి పండుకోని ఉన్నడు. బొడ్డు ఆరుతున్నది. వదినె నా చెయ్యి పట్టుకోని కండ్లకద్దుకున్నది. గట్ల చెయ్యకు వదినె అని చెయ్యి గుంజుకున్న.

పిల్లగాడు రొమ్ము పడ్తలేడని కబురొచ్చేసరికి నాకు అర్థమైపోయింది. బస్సు దిగి వాడల అడుగు పెడితే మా ఇంట్ల మగ్గం సప్పుడు లేదు. పిల్లగాడు వదినె ఒళ్లె ఉన్నడు. దవడలు బిగిసినయి. బట్ట తీసి చూస్తే బొడ్డు మీద నల్లగ పొరకట్టి ఉన్నది.

"అవ్వా, బొడ్డుకు ఏం పెట్టినవ్?"

"బూడిదనే. ఫికరు చెయ్యకు బిడ్డా, ఉత్తగ పెట్టలే. మంచిగ మసలవెట్టి పెట్టిన."

బొడ్డు చెమ్మగ కనవడ్డదట. పిల్లగానికి ఏమన్న అయితదేమోనని ఆమెకు బుగులు పట్టిందట. బూడిదల రోగమున్నదని బిడ్డ చెప్పింది, మసలవెడితే రోగం మాయమని గూడ బిడ్డనే చెప్పింది. ఇగ తక్కువేమున్నది? నూలుకు గంజి కాసినట్టు, బూడిదను నీళ్లల్ల చిక్కవడేదాక కాసి, సన్నబట్టల వడగట్టి, సల్లార్చి పెట్టింది. ఇదంత ఆమె నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. మంచి పని చేసిన అన్నట్టే చెప్పింది.

పిల్లగాడు ఇంక పానంతోని ఉండె.  మా అన్న, నేను వాన్ని దవాఖానకు ఎత్తుకపోయినం. డాక్టరు చూసి, ఇగ ఇంటికి తీసుకపోండ్రి అన్నడు. ఇంటికొచ్చే తొవ్వలనే పిల్లగాడు పోయిండు. బస్సుల ఎవరికన్న తెలిస్తే దించేస్తరని అన్న వాని మొఖం మీద రుమాలు కప్పి, నిద్రపోతున్న పిల్లగాన్ని ఎత్తుకున్నట్టే ఎత్తుకోని కూసున్నడు.

తర్వాత పెద్ద సిస్టరమ్మకు చెప్తే, బూడిదని ఎవరు మరిగించమన్నారమ్మా అన్నది. ఎవరు అనలే. వద్దని గూడ ఎవరు అనలే. ఆ రోగం మామూలుగ మసలవెడితే చావదని ఆమె అప్పుడు చెప్పింది. ముందుగాల చెప్తే నోరు పడిపోయేదా అని నాకు మండింది. గోడల మీద ఆ రాత మాత్రం వానలకు పోయేదాక అట్లనే ఉన్నది.

ఇంటికాడ ఇంకో మంట లేచింది. ముగ్గురు పోయిండ్రు, దోషం మీ కోడలి కాడనే ఉన్నది, పుట్టింటికి తోలిచ్చి కొడుక్కు ఇంకో పెండ్లి చెయ్యిండ్రి అని కులపెద్దలు వచ్చి కూసున్నరు. అన్న తలకాయ వంచుకోని కూసున్నడు. బాపు బీడి మీద బీడి తాగిండు. వదినె అర్రల తన చీరెలు మూట కట్టుకుంటున్నది. ఎవరు పొమ్మనకముందే కట్టుకుంటున్నది. అప్పుడు మా అవ్వ, నేనేం తక్కువ చేసిన అయ్యా, నా చేతులార చేసిన, దాని కడుపులనే ఏదో ఉన్నది అన్నది.

అవ్వ మాట విని నాకు ఆగలే. ఆమె మొఖం చూసుకుంటనే చెప్పిన.

"దోషం వదినెది గాదవ్వా. బూడిదది."

"మసలవెట్టిన గదనే."

"మసలవెట్టినా చావదది."

ఆమె తన రెండు చేతులు తిప్పి చూసుకున్నది. 

"ముగ్గురికా?" అన్నది.

"ముగ్గురికి."

వదినె పుట్టింటికి పోలే. మూట ఇప్పుకున్నది. అవ్వ ఆ పొద్దే సన్నబట్టను పొయ్యిల పెట్టింది. అప్పట్నుంచి వాడల ఏ ఇంట్ల పిల్ల పుట్టినా పోలే. పిలువ వచ్చినోళ్లకు పానం బాగలేదని చెప్పిచ్చేది. బావికాడ ఆడోళ్లు పిల్లలను చంకల ఏసుకోని వస్తే ఈమె బిందె ఎత్తుకోని పక్కకు జరిగేది. తను బూడిద పెట్టిన పిల్లలల్ల పోయినోళ్లు ఎవరెవరో లోపట లెక్క చూసుకుంటున్నదని నాకు తెలుసు. నోరు తెరిచి ఒక్కనాడు అనలే. నేను గూడ అడుగలే. వదినె బతుకు నిలవెట్టనీకె చెప్పిన మాట అది, మల్ల ఆ దినం వచ్చినా చెప్త. కానీ అవ్వను చూసినప్పుడల్ల నా పేగు తెగేది.

చదువైనంక నాకు దూరాన సరిహద్దు కాడి బోథ్‌ల నౌకరి ఇచ్చిండ్రు. అక్కడోళ్లు సగం మరాఠి మాట్లాడుతరు, నన్ను బాయి అని పిలిచేటోళ్లు. వదినెకు నాలుగోసారి నెలలు పడంగనే అన్నతోని చెప్పి నా కాడికే తెప్పిచ్చుకున్న. అవ్వను గూడ రమ్మన్న. రాను, నేను లేకపోవుడే మంచిది అని కబురు పంపింది. నా క్వార్టర్లనే కాన్పు చేసిన. ఆడిపిల్ల. బొడ్డుకు ఏం పెట్టలే, ఉత్తగ వదిలేసిన. ఎండి అదే రాలిపోయింది. వారం దాటింది. వదినె వారమంత నిద్రపోలే, పిల్ల నోట్ల వేలు పెట్టి దవడ ఆడుతున్నదా అని చూసుకుంట కూసున్నది. పిల్ల ఆ వేలును గట్టిగ చీకేది.

ఇరవై ఒక్క దినాలకు పిల్లను తొట్టెల ఎయ్యనీకె ఊరికి తీసుకపోయినం. వాడంత వచ్చింది. మగ్గం సప్పుడు ఆగింది, ఈసారి సంబురానికి. తొట్టెలకు కొత్త చీరె కట్టిండ్రు. పిల్లను తొట్టెల పండవెట్టాల్సింది బాపమ్మనే. అవ్వ ఏదని అందరు అడుగుతున్నరు. ఇప్పటిదాక ఇక్కడనే ఉండె, పిల్లను దూరం నుంచి చూసుకుంట గోడకు ఆనుకోని నిలవడ్డది అన్నరు. వదినె పిల్లను ఎత్తుకోని, అత్త రాకుంటే తొట్టెల ఎయ్య అని మొండికేసింది. నేను లేచి ఎన్క వాకిట్లకు పోయిన.

స్నానాల కోసం పొయ్యి మీద పెట్టిన కాగు ముందట అవ్వ కూసోని ఉన్నది. రెండు చేతులు మణికట్ల దాక ఆ నీళ్లల్ల ఉన్నయి. నీళ్లు పొగలు కక్కుతున్నయి. ఆమె పండ్లు గిట్ట కరుసుకోని ఉన్నది గానీ చేతులు తియ్యలే. ఉరికి గుంజిన. కమిలిపోయి ఎర్రగైనయి, వేళ్ల మీద తోలు తేలింది. ఆ చేతులను నా కొంగుల పెట్టుకోని, అవ్వా ఇదేం పనే అని ఏడ్చిన.

నా ఎన్కనే వదినె పిల్లను ఎత్తుకోని వచ్చి నిలవడ్డది. అవ్వ పిల్ల దిక్కు చూసింది, చేతులు ముందటికి చాపలే.

"సరిపోతదా బిడ్డా?" అని నన్ను అడిగింది. "ఇంక జరసేపు పెట్టాల్నా?"