నిక్కచ్చి మాస్టారి తప్పు

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ నిక్కచ్చి మాస్టారే. ముప్పై ఏళ్ళుగా బట్టలు కత్తిరిస్తున్నాడు. తను కోసిన చొక్కా ఒక్కటీ వెనక్కి రాలేదని కనబడినవాళ్ళకల్లా చెప్పుకుంటాడు. రాకేం, వచ్చాయి. అయితే వచ్చిన ప్రతిదానికీ ఎవరో ఒకరు దొరికేవారు. గుండీలు కుట్టినామె, ఇస్త్రీ చేసినవాడు, ఎవరూ దొరక్కపోతే చెప్పాపెట్టకుండా లావెక్కిన ఆసామి. మాస్టారు మాత్రం ఎప్పుడూ కడిగిన ముత్యమే.

కొట్టు మేడమీద. కిటికీ వారగా మూడు కుట్టుమిషన్లు, వాటి ముందు ముగ్గురు ఆడవాళ్ళు, మధ్యలో కత్తిరింపు బల్ల. మాస్టారు టేపుతో కొలిచి అంకెలు చెబుతుంటే పుస్తకంలో రాసేది ఆయన చెల్లెలు. పదకొండేళ్ళుగా అదే పద్ధతి.

ఆస్పత్రి నర్సులకి ఇరవై రెండు తెల్లకోట్లు కుట్టే పని వచ్చినప్పుడు మాత్రం పద్ధతి మారింది. కొలతలకి ఆడమనిషిని పంపమన్నారు. చెల్లెలు కొత్త టేపు కొనుక్కుని వెళ్ళి, అందరికీ కొలిచి రాసుకొచ్చింది. ఆ అంకెలు చూసి మాస్టారు తన టేపుతో గుడ్డ కోశాడు. వారం తిరక్కుండా ఇరవై రెండు కోట్లూ వెనక్కొచ్చాయి. చేతులు వేళ్ళ దాకా వేలాడుతున్నాయి, భుజాలు జారిపోతున్నాయి.

మాస్టారు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"కళ్ళెక్కడ పెట్టుకుని కొలిచావ్? ఒక్కదాని కొలతైనా సరిగ్గా రాశావా? ఇన్నేళ్ళొచ్చాయి, టేపు పట్టుకోవడం కూడా రాదు నీకు!"

మిషన్లు మూడూ ఆగిపోయాయి. "ఒక్కొక్కరికి మూడేసిసార్లు చూశాను అన్నయ్యా," అంది చెల్లెలు.  తన టేపుని గోడ మేకుకి, అన్న టేపు పక్కన తగిలించి, సంచీ తీసుకుని మెట్లు దిగింది.

ఆమె అడుగుల చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంది. మాస్టారి చూపు మేకు మీద పడింది. రెండు టేపులూ పక్కపక్కనే వేలాడుతున్నాయి. మొదళ్ళు సమానంగానే ఉన్నాయి. చివర్లు మాత్రం కాదు. ఆయన టేపు జానెడు కిందికి ఉంది. గుడ్డటేపు, వాడగా వాడగా సాగింది. ఇన్నాళ్ళూ కొలిచేదీ దానితోనే, కోసేదీ దానితోనే కాబట్టి తప్పుకి తప్పు చెల్లిపోయి చొక్కాలు సరిగ్గా వచ్చేవి. కొలత ఒక టేపుతో, కోత ఇంకో టేపుతో అయ్యేసరికి గుట్టు బయటపడింది.

అప్పుడు కేకేస్తే చెల్లెలు ఆగేది. కేకెయ్యలేదు. ఎవరూ చూడకుండా ఆమె టేపు తీసి సొరుగులో పడేశాడు. బల్లమీది ఇనుప స్కేలుని గుడ్డల కింద దాచాడు. పొరపాటున తన టేపు దాని పక్కన పడితే మళ్ళీ చూడాల్సొస్తుందని భయం. కోట్లన్నీ తనే కూర్చుని బిగించి పంపాడు. నర్సమ్మ ఫోన్ చేసి మెచ్చుకుంటే తేలు కుట్టిన దొంగలా ఊకొట్టాడు. టేపు సాగడం ఎవరికైనా జరిగేదే, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. సొరుగు తీసిన తన చెయ్యి గుర్తొచ్చినప్పుడే ఆయనకి అన్నం సహించేది కాదు. తను అలాంటి పని చేసే మనిషినని ఒప్పుకోవడం ఆయనకి ఇష్టం లేదు.

చెల్లెలు మళ్ళీ కొట్టు మెట్లెక్కలేదు. నెల తిరిగాక మిషన్ల దగ్గరి ముగ్గురిలో పెద్దామె అంది: "మీ చెల్లెలు కళ్ళు చూపించుకుందట మాస్టారూ. డాక్టరు ఏ లోపమూ లేదన్నాడట. అయినా నమ్మక ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళిందట."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. కత్తెర పక్కన పెట్టి తిన్నగా చెల్లెలింటికి వెళ్ళాడు.

ఆమె దిండుగలీబులు కుడుతోంది. కొలిచిన గుడ్డనే మళ్ళీ మళ్ళీ కొలుస్తోంది.

"మనుషులకి కొలవడం మానేశానన్నయ్యా. దిండ్లయితే ఏమీ అనవు," అని నవ్వబోయింది.

ఆ నవ్వు చూడలేక నేల చూపులు చూశాడు. "తప్పు నీది కాదమ్మా. నా టేపు సాగింది."

ఆమె చేతులు ఆగాయి. "ఎప్పుడు తెలిసింది?"

ఇవాళే అని నోటి చివరిదాకా వచ్చింది. ఆ మాటకి సాక్ష్యం అడిగేవాళ్ళు కూడా లేరు. మాస్టారు ఆ మాటని మింగేశాడు.

"ఆ రోజే. నువ్వింకా మెట్ల మీదే ఉన్నావు."

ఆమె చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "తిట్టింది నలుగురి మధ్య. చెప్పడం మాత్రం ఇక్కడ, తలుపు దగ్గరగా వేసుకునా?" అంది.

నిజమే, వస్తూనే తలుపు దగ్గరగా వేసింది తనే. ఎందుకు వేశాడో ఇప్పుడు తెలిసింది. మంచితనం కూడా ఎవరికీ వినబడకుండా చేసుకుందామనే వచ్చాడు. ఇన్నేళ్ళూ నిక్కచ్చి అనిపించుకోవడమే కావాల్సొచ్చింది తప్ప నిక్కచ్చిగా ఉండటం కాదు. సిగ్గుతో చితికిపోయాడు.

మర్నాడు పొద్దున్నే చెల్లెల్ని వెంటబెట్టుకుని కొట్టుకి వచ్చాడు. మిషన్లు ఆపించాడు. టేపు సంగతి, సొరుగు సంగతి, స్కేలు సంగతి, నెల రోజులు నోరు మూసుకున్న సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పాడు. చెవులు కాలిపోతున్నాయి. అందరూ విన్నారు. గండం గడిచిందనుకుని కుర్చీ లాక్కోబోయాడు.

"మరి లాయరుగారి కోటు మాస్టారూ?" అంది పెద్దామె మెల్లగా.

మాస్టారు కుర్చీ వదిలేశాడు.

"ఆరేళ్ళయింది. రెండూ ఎడమచేతులే వచ్చాయి. కుడిచేతి ముక్క నేనే ఎక్కడో పారేశానన్నారు. వారం రోజులు చెత్తబుట్టలన్నీ వెతికాను నేను. ఇంటికెళ్ళి సంచీ కూడా దులుపుకున్నాను."

గుర్తులేదమ్మా అనేస్తే సరిపోయేది. ఆరేళ్ళ నాటి మాట, ఎవరైనా నమ్ముతారు. చెల్లెలు ఆయన ముఖంలోకే చూస్తోంది.

"కుడిది నేను కొయ్యనేలేదు," అన్నాడు మాస్టారు.